తాడు అతకాలని వాళ్ళు కోరుకోవాలి

తాడు కోసి అతికించే మ్యాజిక్ నేర్చుకోవడానికి వారం చాలు. రోజూ ఓ అరగంట అద్దం ముందు నిలబడితే చేతులకు పట్టుబడిపోతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. పిల్లల ముందుకెళ్ళి తాడు చూపిస్తారు, కోస్తారు, అతికిస్తారు, దండం పెట్టి దిగిపోతారు. చూసినవాళ్ళు "బాగుంది" అంటారు, లేకపోతే "చేతిలో ఇంకో ముక్క దాచాడు" అంటారు. రెండో మాట అన్నా తప్పు వాళ్ళది కాదు. మనం వాళ్ళకు ఇచ్చింది ఒక పొడుపుకథ. పొడుపుకథ వేస్తే ఎవరైనా విప్పడానికే చూస్తారు.

ఈ ట్రిక్కు చేయడం ఇప్పటికే వచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రహస్యం ఇక్కడ చెప్పను, అది గురువు దగ్గరో మంచి పుస్తకంలోనో నేర్చుకోవాల్సింది. ఆ రహస్యం చుట్టూ ఉండే నాలుగు నిమిషాల గురించే నా బాధంతా. తాడు తెగగానే చూసేవాళ్ళకు "అయ్యో" అనిపించాలి. అది మళ్ళీ అతకాలని వాళ్ళు కోరుకోవాలి. ఆ కోరిక పుట్టించగలిగితే వాళ్ళు మీ వేళ్ళ సందుల్లో వెతకడం తగ్గిస్తారు, మీతోపాటు నడుస్తారు.

మన ఊళ్ళ గారడీవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. డోలు వాయించి జనాన్ని పోగేసి, బుట్టలో పామునూ తాడుకు కట్టిన ముంగిసనూ చూపించి, రెంటికీ పోట్లాట పెడతానని మొదట్లోనే చెప్పేవాళ్ళు. ఆ పోట్లాట ఎంతకీ వచ్చేది కాదు. ఈలోగా గిన్నెలూ బంతులూ అయ్యేవి, మామిడి టెంక మొలకెత్తేది, జోలె ఒక చుట్టు తిరిగొచ్చేది. ఎండలో జనం కదలకుండా నిలబడ్డారంటే పోట్లాట చూడాలన్న ఆశ వాళ్ళను పట్టి ఉంచింది. పక్కనుండే కుర్రాడితో "చెప్పింది చేస్తావా?" "చేస్తా!" అని సాగే మాటల వరస కూడా అందుకే. పద్మశాలీలను ఆశ్రయించుకుని బతికిన సాధనాశూరులు, విప్రవినోదులు, వీధి గారడీవాళ్ళు - మన దగ్గర ఈ విద్యే కులవృత్తిగా ఉన్నవాళ్ళున్నారు. పాముల్ని ఆడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అది వద్దే వద్దు. ముందు ఒక ఆశ పెట్టి, దాన్ని తీర్చడానికి తొందరపడకపోవడం మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకుని తీరాలి.

ఇదే విషయాన్ని బెంగాలీ ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ ప్రదర్శన ఒకటి మరీ తీవ్రంగా చూపించింది. 1956 ఏప్రిల్ 9న బీబీసీ టీవీ వాళ్ళ పనోరమా కార్యక్రమంలో ఆయన అసిస్టెంటును బల్ల మీద పడుకోబెట్టి గుండ్రటి రంపంతో కోశారు. కోత అయ్యాక ఆమె చేతులు రుద్దారు, ఆమె పలకలేదు. వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ ముందుకొచ్చి కార్యక్రమం ముగిసిందన్నారు. అంతే, ప్రసారం అయిపోయింది. అమ్మాయి చచ్చిపోయిందనుకుని జనం స్టూడియోకి చేసిన ఫోన్లతో లైన్లు నిండిపోయాయి, మర్నాడు పేపర్లలోనూ అదే వార్త. కోతకూ అతుకుకూ మధ్యనున్న ఖాళీలో ఎంత బలం ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. పిల్లల ముందు ఆ ఖాళీ 15-20 సెకన్లు మించకూడదు. అంతకు తగ్గితే కోత వృథా, పెరిగితే చిన్నపిల్లలు నిజంగానే బెంగపడతారు.

ఇక తాడు తెగితే "అయ్యో" అని ఎందుకనిపించాలి? ఉత్త తాడు తెగితే ఎవరికీ ఏమీ అనిపించదు. కాబట్టి తాడు ఇంకేదో కావాలి. పిల్లలకైతే నేను చెప్పే కథ జట్టూ పచ్చీ. ఇద్దరు స్నేహితులు, వాళ్ళ జట్టు ఈ తాడు. ఒకరోజు పెన్సిల్ దగ్గర తగువొచ్చింది, "నీ జట్టు పచ్చి" అన్నారు, తాడు తెగింది. మళ్ళీ మాట కలవాలంటే ఎవరో ఒకరు ముందు పలకరించాలి. ఇంతే కథ, ఇంతకన్నా పెంచొద్దు. అయిదేళ్ళ పిల్లలకూ ఇది నిన్నటి సంగతే. కొన్ని చోట్ల పచ్చి అంటారు, కొన్ని చోట్ల కచ్చి, ఎక్కువ చోట్ల కటీఫ్. అక్కడి పిల్లలు ఏ మాట వాడతారో, వేళ్ళతో ఏ సైగ చేస్తారో కార్యక్రమానికి ముందే ఒక పిల్లవాణ్ణి అడిగి తెలుసుకోండి. వాళ్ళ మాటే వాళ్ళకు వినిపించగానే ముందు వరసంతా నవ్వుతుంది. పెద్దవాళ్ళ సభలో అయితే అన్నదమ్ముల గట్టు తగాదాగా చెప్పొచ్చు, తాడు పొలం కొలిచే తాడవుతుంది.

తాడు ఎంపిక దగ్గరే చాలామంది దెబ్బతింటారు. బట్టలారేసుకునే ప్లాస్టిక్ తాడు, నైలాన్ తాడు పనికిరావు. అవి బిరుసుగా ఉంటాయి, మడత పెట్టిన చోట లేచి నిలబడతాయి, కోసిన కొస పీచులా విచ్చుకుంటుంది. 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్లిక నూలు తాడు తీసుకుని, లోపలి పోగుల్ని లాగేయాలి. అప్పుడు తాడు మెత్తగా పాములా వేలాడుతుంది. పొడవు 1.5 నుంచి 1.8 మీటర్లు. పొట్టివాళ్ళు 1.5 దాటొద్దు, వేలాడే కొస నేల మీద పడి కాలికి తగులుతుంది. రెండు కొసలకూ కొద్దిగా ఫెవికాల్ రాసి ఒక రాత్రి ఆరనిస్తే పీచు లేవదు. తెల్ల తాడు కాబట్టి చొక్కా ముదురు రంగుదై ఉండాలి, గళ్ళూ చారలూ ఉండకూడదు. తెల్ల చొక్కా ముందు తెల్ల తాడు పది అడుగుల అవతల ఎవరికీ కనిపించదు, కనిపించని తాడు తెగినా అతికినా ఒకటే. కత్తెర దర్జీ కత్తెరలా పదునుగా ఉండాలి. ఒక్క నొక్కుకు తెగాలి. మొద్దు కత్తెరతో రెండు మూడు సార్లు నమిలితే ఆ క్షణం చచ్చిపోతుంది, పైగా ఆ నమిలే సేపంతా అందరి కళ్ళూ మీ వేళ్ళ మీదే ఉంటాయి. ఇదే ట్రిక్కును పది రూపాయల బిళ్ళతో చేసే మాయలతో పోల్చి చూడండి. ఆ బిళ్ళ వ్యాసం 27 మిల్లీమీటర్లు. నలుగురి మధ్య కూర్చుని చేస్తే అద్భుతం, యాభైమంది ముందు చేస్తే వెనక వరసలకు మీరు ఉత్త చేతులు ఊపుతున్నట్టే.

చోటు సంగతి. మన ఇళ్ళలో పుట్టినరోజు అంటే హాల్లో సోఫాలు గోడకు జరిపి, పిల్లల్ని కింద కూర్చోబెట్టి, మనల్ని టీవీ పక్కన నిలబడమంటారు. నిలబడేముందు వెనక్కి తిరిగి చూడండి. షోకేసు అద్దాలు, అద్దమున్న బీరువా, ఆపేసిన టీవీ తెర - మీ చేతుల వెనక భాగాన్ని చక్కగా చూపిస్తాయి. బాల్కనీ తలుపు వెనక ఉంటే వెలుగు మీ వెనక నుంచి వచ్చి ముఖం నల్లగా కనిపిస్తుంది. ఖాళీ గోడ ఏదో వెతుక్కుని దానికి వీపు పెట్టండి. పిల్లలు మీకు అటూ ఇటూ చేరి మీ భుజాలు దాటి కూర్చోకుండా, నేల మీద చాపలు వేసి అర్ధచంద్రంగా సర్దండి. "ఇటు జరగండి, అటు జరగండి" అని మధ్యలో అరవడం కన్నా ముందే చాప వేయడం తేలిక. మొదటి చాపకూ మీకూ మధ్య ఆరడుగులు ఉంచండి. చాప మీద పిల్లలు కింద నుంచి పైకి చూస్తారు, అద్దం ముందు సాధన చేసినప్పుడు మీరు చూసిన కోణం అది కాదు. ఫ్యాను తగ్గించమనండి. తాడుకు పర్వాలేదు గానీ రుమాలు, కాగితం ఉన్న అంశాలు ఎగిరిపోతాయి. సమయం విషయంలో మొహమాటపడొద్దు: కేకు కోయడానికి ముందే చేయాలి. కేకు అయ్యాక ప్లేట్లూ చిప్సూ వస్తాయి, ఆ తర్వాత పిల్లలు మీవాళ్ళు కారు.

షామియానా కింద, స్కూల్ వార్షికోత్సవంలో అయితే మైకు పెద్ద చిక్కు. చేతి మైకు పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే, తాడుకు రెండూ కావాలి. కాలరు మైకు గానీ స్టాండు మైకు గానీ ముందే అడగండి. కాలరు మైకును గుండె మధ్యలో పెట్టుకోవద్దు, తాడు రాసుకుని బరబరమంటుంది. కాలరు అంచుకు, తాడు ఆడే వైపుకు కాకుండా రెండో వైపుకు పెట్టాలి. సౌండు బాక్సు మీ ముందు, ప్రేక్షకుల వైపుకు తిరిగి ఉండాలి. వెనకుంటే కూత పెడుతుంది.

మొదటి మాట ఏమిటన్నది ముఖ్యం. "ఇది మామూలు తాడు" అనొద్దు. ఎవరూ అనుమానించని తాడు మీద మీరే అనుమానం పుట్టించినట్టవుతుంది. బదులుగా ఒక కొసను ముందు వరసలో పాపకు ఇచ్చి "గట్టిగా లాగు, నన్ను పడేయ్" అనండి. ఆమె లాగుతుంది, మీరు కాస్త ముందుకు తూలుతారు, అందరూ నవ్వుతారు. తాడు గట్టిదేనని చెప్పాల్సిన పని లేకుండానే అందరికీ తెలిసిపోయింది. అలాగే కళ్ళకు కనిపించేదాన్ని నోటితో చెప్పొద్దు. "ఇప్పుడు తాడును మధ్యలో పట్టుకున్నాను, ఇప్పుడు కత్తెర తీశాను" అని క్రికెట్ కామెంటరీలా చెబుతుంటే కథకు చోటే మిగలదు. చేతులు చేసేది చేతులు చెబుతాయి, నోరు ఇద్దరు స్నేహితుల సంగతి చెప్పాలి.

సాయానికి పిలిచే పిల్లల్ని ఎంచుకోవడంలో సగం విజయం ఉంది. చెయ్యెత్తి గెంతుతున్నవాణ్ణి పిలవాలనిపిస్తుంది, పిలవొద్దు. వాడు వేదిక మీదికొచ్చాక కూడా గెంతుతాడు. రెండో మూడో వరసలో, నవ్వుతూ చూస్తూ, నోరు కాస్త తెరుచుకుని ఉన్న 7-10 ఏళ్ళ పిల్లలు సరైనవాళ్ళు. అయిదు లోపు వాళ్ళు అమ్మ కోసం వెనక్కి చూస్తారు, 13 దాటినవాళ్ళు స్నేహితుల ముందు మిమ్మల్ని పట్టేయాలని చూస్తారు. ఈ కథకు ఇద్దరు కావాలి, నిజంగా స్నేహితులైన ఇద్దరైతే మరీ మంచిది: "ఇక్కడ ఎవరికి ఎవరు బెస్ట్ ఫ్రెండ్?" అని అడిగితే పిల్లలే చూపిస్తారు. పేరు అడిగి, సరిగ్గా పలికి, నాలుగు నిమిషాల్లో మూడుసార్లైనా వాడండి. ఇంటిపేరు అడగొద్దు. దాని వెనకాల ఏ ఆరా వస్తుందో మనందరికీ తెలుసు, పిల్లల ముందు ఆ తలుపు తీయకూడదు. లావు, రంగు, నత్తి, మార్కులు - వీటి మీద నవ్వించడం వాళ్ళింట్లో నెలల తరబడి మిగిలిపోతుంది. పెద్దవాళ్ళను పిలిస్తే "మీరు", "అండీ" తప్పనిసరి, వయసు మీదపడినవాళ్ళయితే కుర్చీ వేసి కూర్చోబెట్టి చేయండి. భుజం మీద చెయ్యి వేయడం, చెయ్యి పట్టుకుని లాక్కురావడం వద్దు. దారి చూపిస్తే వస్తారు.

పిల్లల్ని మీకు చెరో పక్కన, అరడుగు ముందుకు, ముఖాలు జనం వైపు ఉండేలా నిలబెట్టండి. మీ వైపు తిరిగితే వాళ్ళ వీపు తప్ప సభకు ఏమీ కనిపించదు. ప్రేక్షకులు నిజానికి చూసేది వాళ్ళ ముఖాలనే, తాడు అతికినప్పుడు ఆ కళ్ళు పెద్దవవడం వెనక వరసకు కూడా కనబడాలి. కత్తెర పిల్లల చేతికిస్తే మొన గుండ్రంగా ఉన్నది, పిడి వైపు నుంచి ఇవ్వండి. అయితే ఆ రకం కత్తెరలు తాడును సరిగా కోయవు, అందుకని ఒకరి చెయ్యి పిడి మీద, మీ చెయ్యి దాని మీద ఉంచి కలిసి నొక్కడం మేలు. కోసేముందు అడగండి: "జట్టా, పచ్చా?" సభ మొత్తం "పచ్చీ!" అని అరుస్తుంది, అప్పుడే కత్తెర పడాలి. కోసింది మీరు కాదు, వాళ్ళు. వెంటనే "అయ్యో" అన్న నిశ్శబ్దం అందుకే వస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని మాటలతో పాడుచేయకండి. రెండు ముక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని, ఒకసారి అటు, ఒకసారి ఇటు చూడండి.

ఇప్పుడు రహస్యపు కదలిక. అది మీకు ఎక్కడొస్తుందో మీకు తెలుసు. ఆ కదలికప్పుడు చేతుల్ని చూడకూడదు, జనం మీ చూపు వెంటే వస్తారు. పక్కనున్న పిల్లవాడి కళ్ళలోకి చూసి ఒక ప్రశ్న అడగండి: "ముందు ఎవరు మాట్లాడతారు, నువ్వా తనా?" వాడు మీ ముఖంలోకి చూస్తాడు, సభ వాడి జవాబు కోసం వాడి ముఖంలోకి చూస్తుంది. ప్రశ్న నిజమైనదై ఉండాలి, జవాబు మీకు నిజంగా కావాలి. నటనగా అడిగితే ఎవరూ తల తిప్పరు. ఇంకో మంచి చోటు నవ్వు వచ్చిన వెంటనే ఉండే రెండు సెకన్లు. నవ్వుతున్నవాడు దేన్నీ పట్టి చూడలేడు. చాలామందిని పట్టించేది వేళ్ళు కాదు, ఊపిరి. కదలిక దగ్గర ఊపిరి బిగబడతారు, మాట ఆగుతుంది, భుజాలు పైకి లేస్తాయి, "ఏదో జరుగుతోంది" అని అయిదేళ్ళ పాపకు కూడా తెలిసిపోతుంది. దీనికి మందు ఒకటే: కదలికకు ముందు వాక్యం మొదలుపెట్టి, కదలిక అయ్యాక దాన్ని ముగించండి. వాక్యం మధ్యలో చెయ్యి పని చేసుకుపోతుంది. ఆ వాక్యాన్ని చేతులతోపాటే ఇంట్లో వందసార్లు చెప్పుకోవాలి.

అతుకు కూడా మీరు చేయకండి. ఇద్దరు పిల్లల్నీ జట్టు సైగ చేయమనండి, సభను "జట్టూ!" అని అరవమనండి. మంత్రాలు, హాంఫట్‌లు, దేవుడి పేర్లు ఇక్కడ వద్దు. ఇది చేతి నేర్పు, శక్తి కాదు అని నమ్మేవాళ్ళు ఉన్న చోట కూడా, శక్తే అని నమ్మేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, వాళ్ళను తప్పుదోవ పట్టించే హక్కు మనకు లేదు. జట్టు అన్న మాటకు తాడు అతికిందంటే కథ దానంతటదే పూర్తవుతుంది. తాడును గుండె ఎత్తు నుంచి తల ఎత్తుకు తీసుకెళ్ళి, రెండు చేతులూ చాచి, బిగువుగా పట్టుకుని ఆగండి. మనసులో రెండు అంకెలు లెక్కపెట్టండి. మాట్లాడొద్దు, నడవొద్దు, మళ్ళీ తాడు కింద పెట్టొద్దు. చప్పట్లు రావాల్సిన చోట మాట మొదలుపెట్టి వాటిని మనమే ఆపేస్తుంటాం. మన దగ్గర పెద్దవాళ్ళు ఊరికే చప్పట్లు కొట్టరు, అది ఇష్టం లేక కాదు, ఎవరు మొదలుపెడతారా అని చూడటం. దీనికి "చప్పట్లు కొట్టండి" అని పదేపదే అడుక్కోవడం పరిష్కారం కాదు. పిల్లలిద్దరూ వేదిక మీదికి వచ్చేటప్పుడే వాళ్ళ ధైర్యానికి కొట్టించండి. ఒకసారి చేతులు కదిలాక రెండోసారి వాటంతటవే కదులుతాయి.

గొడవలు ఎలాగూ వస్తాయి. "నాకు తెలుసు, చేతిలో ఉంది!" అని ఒకడు లేస్తాడు. వాడితో వాదించొద్దు, చిన్నబుచ్చొద్దు. వాడు శ్రద్ధగా చూస్తున్నాడు, అంతే. "నీ కళ్ళు చురుగ్గా ఉన్నాయి, తరువాత ఆటలో నువ్వే నా సాక్షివి" అనండి, మాట తప్పకుండా పిలవండి. "మళ్ళీ చెయ్యి" అంటే చేయకండి. మొదటిసారి ఏం జరగబోతోందో వాళ్ళకు తెలియదు కాబట్టి ఎక్కడ చూడాలో తెలియలేదు, రెండోసారి తెలుసు. పిల్లవాడు బిక్కమొహం వేస్తే కథ మధ్యలో ఆపైనా సరే వాడికి ఒక చప్పట్లు కొట్టించి అమ్మ దగ్గరికి పంపి, ఇంకొకరిని పిలవండి. ట్రిక్కే తప్పిందా? తెగిన ముక్కలు తెగినట్టే కనిపించాయా? "వీళ్ళింకా మాట్లాడుకోలేదన్నమాట" అని తాడు సంచిలో పెట్టి తరువాత అంశానికి వెళ్ళిపోండి. జనానికి ముగింపు ఏమిటో మీరు ముందే చెప్పి ఉండకపోతే తప్పిందని వాళ్ళకు తెలియదు. కోసేముందు "ఇప్పుడు దీన్ని అతికిస్తాను" అనకూడదనడానికి కారణం ఇది.

సాధనకు మొబైల్ చాలు. మూడు చోట్ల పెట్టి తీయండి: ఎదురుగా కళ్ళ ఎత్తున, ఎదురుగా నేల మీద, పక్కన 45 డిగ్రీల్లో. ప్రతిదాన్నీ ఒకసారి శబ్దం తీసేసి చూడండి, చూపు ఎక్కడ చేతుల మీద పడుతోందో తెలుస్తుంది. ఇంకోసారి కళ్ళు మూసుకుని వినండి, మాట ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. మాటలన్నీ ముందు కాగితం మీద రాసుకోండి, అదీ మీరు ఇంట్లో మాట్లాడే యాసలోనే. టీవీ తెలుగులో రాసుకుంటే నోటికి రాదు, వచ్చినా ఎవరికీ ఆనదు. నాలుగు నిమిషాలకు పేజీన్నర దాటితే మాటలు ఎక్కువైనట్టు.

ఆట అయ్యాక పిల్లలిద్దర్నీ పేరు పెట్టి పిలిచి, చప్పట్ల మధ్య కూర్చునే చోటుకు పంపాలి. పద్ధతి అనుమతిస్తే తాడును వాళ్ళకే ఇచ్చేయండి, చెరో కొసా పట్టుకుని వెళ్తారు. మీ చేతిలో మిగిలింది కత్తెరతోపాటు సంచిలోకి పోవాలి, కత్తెర లోపల పెట్టడం కన్నా సహజమైన సాకు లేదు. దిగేముందు మీరు నిలబడ్డ చోట చాప మీద ఒకసారి చూసుకోండి. కోసినప్పుడు రాలిన పీచు ముక్క ఒక్కటి ఉన్నా, కార్యక్రమం అవగానే పిల్లలు ముందు అక్కడికే పరిగెత్తుతారు.